జాబులు చిట్టా, సూచిక ఆవర్జా



చాలా నెలల తరువాత ఈ పుటలో వ్రాస్తున్నాను. ఛందస్సు, వ్యాకరణం, పాతపుస్తకాల ముచ్చట్లు తప్ప వేరేమీ వ్రాయని ఈ విశ్రాంత ఉపాధ్యాయుడు ఈమారు డేటాబేసుల గురించి వ్రాయబూనడం మీకు విడ్డూరంగా తోచవచ్చును. నాకే విడ్డూరంగా ఉన్నది. అయితే లేఖిని, కూడలి రోజులనుండి మనమందరమూ చేస్తూ వచ్చిన పని ఒకటున్నది: తెలుగును తెలుగు లిపిలోనే వ్రాయడం. వ్రాయడంలో చూపిన పట్టుదలను వ్రాసినదాన్ని దాచుకోవడంలో చూపలేదని నాకు ఆలస్యంగా తెలిసివచ్చింది. ముఖ్యంగా మన ఈ-మెయిళ్ల విషయంలో. వాటిని మనలో కొందరు వేగు అన్నారు, కొందరు ఈ-లేఖ అన్నారు. మా సీమలో ఉత్తరాన్ని జాబు అంటాము కనుక నేను జాబు అనే వ్రాస్తాను.

చెప్పదలచిన మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లోనో చిన్న దుకాణంలోనో ఒక్క కంప్యూటరు మీద నడిచే మెయిల్ ప్రోగ్రాముకు, జాబులను విడివిడి ఫైళ్లుగా ఉంచి, వాటి సూచికను మాత్రం ఎస్‌క్యూలైట్ వంటి చిన్న డేటాబేసులో పెట్టడం ఉత్తమం. జాబులనూ సూచికనూ కలిపి ఒకే మూట కట్టినా, ఇంటికి పెద్ద సర్వరును తెచ్చి కూర్చోబెట్టినా చిక్కులు తప్పవు. ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వలన కలగలేదు. ఒక గాలివాన వలన కలిగింది.

రెండేండ్ల కిందటి వేసవి మాట. నంద్యాలలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి దుమ్ము లేచి, ఆకాశం నల్లబడి, కరెంటు పోయింది. నా కంప్యూటరు కింద ఉన్న యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయినది. మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఏడాది గడిపాను. అదే గాలివాన ఆళ్లగడ్డనూ తాకింది. అక్కడ నా పూర్వశిష్యుడొకడు శిల్పశాల నడుపుతున్నాడు. ఆళ్లగడ్డ రాతిపని సంగతి మీకు తెలిసిందే. ఊళ్లోకి అడుగుపెట్టగానే ఉలిచప్పుడు వినిపిస్తుంది, దారి పక్కన సగం చెక్కిన దేవుళ్లు నిలబడి ఉంటారు. మావాడికి ఇక్కడి ఊళ్లనుండే కాక సముద్రాల అవతలి గుళ్లనుండి కూడా పనులు వస్తాయి. బేరం, కొలతలు, ఛాయాచిత్రాలు, ఒప్పుకోలు, అంతా జాబులలోనే జరుగుతుంది.

ఆ సాయంత్రం వాడి మెయిల్ ప్రోగ్రాము తన ఫైలును కుదించుకునే పనిలో ఉన్నది. తొలగించిన జాబుల ఖాళీలను పూడ్చి ఫైలును చిన్నది చేయడమన్నమాట. ఆ పని మధ్యలో ఉండగా కరెంటు పోయింది. మళ్లీ వెలిగించేసరికి ఆ ఫైలు తెరుచుకోలేదు. మరమ్మతు పరికరమేదో నడిపితే కొన్ని జాబుల తలకట్లు వచ్చాయి, లోపలి మాటలు రాలేదు. కొన్నింటికి మాటలు సగంలో తెగిపోయాయి. ఆ ప్రోగ్రాము పేరు ఇక్కడ అనవసరం. ఆ లోపం దానికొక్కదానికే పరిమితమైనది కాదు.

"సార్, జాబులన్నీ పోయినాయి సార్. గుడి వాళ్ల కొలతలు గూడా అందులోనే ఉండాయి" అని ఫోనులో వాడి గొంతు వణికింది.

"వాళ్లను ఇంకొకమారు పంపమని అడుగప్పా" అన్నాను.

"అడిగితే మాట పోతుంది సార్. కొలతలు నాకు గుర్తుండాయిలే."

ఆ గుర్తే కొంప ముంచింది. విగ్రహం అయిదడుగులు అని వాడికి గుర్తున్నది నిజమే. పీఠంతో కలిపి అయిదడుగులా, పీఠం కాక అయిదడుగులా అన్నది గుర్తు లేదు. వాడొకటి అనుకున్నాడు, పెద్దమేస్త్రి కూడా అదే అన్నాడు, పీఠంతో కలిపి చెక్కారు. తీరా పూర్తయి ఛాయాచిత్రం పంపిన తరువాత అవతలివారు తమ దగ్గరి ప్రతిని తిరిగి పంపారు. అందులో ‘పీఠం కాక’ అని స్పష్టంగా ఉన్నది. చెక్కిన రాతిని తగ్గించవచ్చును గాని పెంచలేము. కొత్తరాయి తెచ్చి, తన ఖర్చుతో మూడు నెలలు మళ్లీ చెక్కించాడు. రెండు మాటల జాబు నిలవకపోతే అయినంత నష్టం అది.

అదే సాయంత్రం నా కంప్యూటరులో ఏమైందో చెబుతాను. నా ప్రోగ్రాము కూడా దెబ్బతిన్నది. తెరిస్తే జాబుల పట్టిక శూన్యం. నాకు గుండె ఆగినంత పనయింది. ఆ పెట్టెలో నా గురువుగారితో సాగిన ఉత్తరప్రత్యుత్తరాలున్నాయి; ఆయన ఇప్పుడు లేరు. కాని ఫోల్డరు తెరిచి చూస్తే ఒక్కొక్క జాబూ ఒక్కొక్క ఫైలుగా అట్లాగే ఉన్నది. పాడైనది సూచిక మాత్రమే. తెలిసిన అబ్బాయి చెప్పినట్లు పాడైన సూచికను పక్కకు తీసి, ప్రోగ్రామును మళ్లీ నడిపాను. అది రాత్రంతా జాబులను ఒక్కొక్కటిగా చదువుకొని తెల్లవారేసరికి కొత్త సూచిక కట్టుకున్నది. నేను పెట్టుకున్న కొన్ని రంగుగుర్తులు పోయాయి. జాబు ఒక్కటీ పోలేదు.

రెండూళ్ల మధ్య దూరం సుమారు నలభై కిలోమీటర్లు. గాలివాన ఒకటే, కరెంటు పోవడం ఒకటే. ఫలితాలు రెండు. దీనికి నా తెలివి కారణం కాదు. నేను ఎన్నుకొని పెట్టుకున్న ఏర్పాటు కాదది, దైవవశాన దొరికినది. కాని అప్పటినుండి ఇందులోని మర్మమేమిటని ఆలోచించడం మొదలుపెట్టాను.

మన పాత వర్తకుల లెక్కలలో చిట్టా, ఆవర్జా అని రెండుండేవి. ఏ రోజు జరిగిన లావాదేవీ ఆ రోజు, జరిగిన వరుసలో వ్రాసేది చిట్టా. అందులోనుండి ఒక్కొక్క ఆసామి పేరిట విడదీసి ఎత్తి వ్రాసుకునేది ఆవర్జా. వెతకడానికి ఆవర్జా సుఖం. ఎవరెంత ఇవ్వాలో ఒక్క పుట తిప్పితే తెలుస్తుంది. కాని చెదలు పట్టి ఆవర్జా పోతే చిట్టాను చూచి మళ్లీ వ్రాసుకోవచ్చును. చిట్టా పోతే ఆవర్జా దానికి బదులు రాదు. జాబులు చిట్టా. ఎవరు వ్రాశారు, ఏ తేదీ, చదివామా లేదా, ఏ మాట ఏ జాబులో ఉన్నది అని చెప్పే సూచిక ఆవర్జా. ఈ రెండింటినీ ఒకే కట్టగా కుట్టిన ప్రోగ్రాములో ఒకదానికి చెద పడితే రెండవది కూడా పోతుంది. మావాడికి జరిగినది అదే.

కంప్యూటరు పండితులకు ఈ సంగతి కొత్త కాదు. యూనిక్సు కాలంనుండి వస్తున్న ఎమ్‌బాక్స్ పద్ధతిలో ఒక ఫోల్డరులోని జాబులన్నీ ఒకే ఫైలులో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అది సాదా పాఠ్యమే; ఏ ఎడిటరుతోనైనా తెరవవచ్చును. కాని మధ్యలోని జాబును తీసివేయాలంటే ఫైలునంతా తిరగవ్రాయాలి. 1990ల నడుమ డేనియల్ బెర్న్‌స్టీన్ అనే ఆయన క్యూమెయిల్ కోసం మెయిల్‌డిర్ అనే పద్ధతిని ఏర్పరచాడు. ఇందులో జాబుకొక ఫైలు. కొత్త జాబును మొదట ‘తాత్కాలికం’ అనే ఫోల్డరులో పూర్తిగా వ్రాసి, వ్రాయడం ముగిసిన తరువాతే ‘కొత్తవి’ ఫోల్డరులోకి జరుపుతారు. మధ్యలో కరెంటు పోతే తాత్కాలికంలోని సగం ముక్క ఒక్కటే చెడుతుంది. అంతకుముందు వచ్చిన వేయి జాబులను అది తాకనే తాకదు. ఇంత చిన్న ఉపాయం ఇంత మేలు చేయడం నాకు అబ్బురంగా తోచింది.

ఒకే ఫైలు పద్ధతికి ఇంకొక చరిత్ర ఉన్నది. ఇది మావాడు వాడిన ప్రోగ్రాముకు సంబంధించినది కాదు, అందరికీ తెలిసిన పాత సంగతి. 2003కు మునుపటి అవుట్‌లుక్‌లో పీఎస్‌టీ ఫైలుకు 2 గిగాబైట్ల హద్దు ఉండేది. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఫైళ్లకూ అదే హద్దు. ఆనాడు అది సముద్రమంత అనుకున్నారు. ఛాయాచిత్రాలు జతచేసే అలవాటు పెరిగాక ఆ హద్దు దగ్గర ఎందరో ఇబ్బంది పడ్డారు. 2003లో హద్దును 20 గిగాబైట్లకు, 2010లో 50 గిగాబైట్లకు పెంచారు. ఆ ఫైలు లోపలి అమరికను వివరించే పత్రాన్ని కూడా 2010లో బయటపెట్టారు. అంతవరకూ చాలామందికి ఆ జాబులను చదవడానికి ఆ ప్రోగ్రామే గతి. మా పొరుగు కడప జిల్లా కలమళ్ల శాసనం క్రీ.శ. 575 నాటిదంటారు. లిపి నేర్చినవాడికి ఆ రాయి ఈనాటికీ మాట్లాడుతుంది. చెక్కినవాని ఇంటికి వెళ్లి తాళంచెవి అడుగనక్కరలేదు. మన జాబులకు కూడా ఆ పాటి స్వాతంత్ర్యం ఉండాలి.

ఇంతవరకు చిట్టా సంగతి. ఇక ఆవర్జా, అనగా డేటాబేసు.

విగ్రహం తంటా జరిగిన తరువాత మావాడు తన శిల్పశాలకు తగిన మెయిల్ ప్రోగ్రామును సొంతంగా వ్రాయించుకోవాలని నిశ్చయించాడు. ఏ జాబు ఏ విగ్రహానికి సంబంధించినదో కలిపి చూపాలి, తెలుగులో వెతికితే దొరకాలి. వాడి కొడుకు ఇంజనీరింగు చదివినవాడే. ఆ అబ్బాయి మైఎస్‌క్యూఎల్ పెడదామన్నాడు. కళాశాలలో నేర్చినది అది. "తాత చెప్పినట్లు చేద్దాం" అని తండ్రి నన్ను పిలిపించాడు. శిరివెళ్ల మీదుగా బస్సులో వెళ్లి, ఉలిచప్పుళ్ల మధ్య కూర్చొని, ముగ్గురమూ రెండు రోజులు తర్కించుకున్నాము. నాకు తెలియనిది ఆ అబ్బాయి చెప్పాడు. ఆ అబ్బాయి అడగనిది నేను అడిగాను.

నేను అడిగిన మొదటి ప్రశ్న: వ్రాస్తూ ఉండగా కరెంటు పోతే ఏమవుతుంది? మా పాఠశాల ప్రవేశ పుస్తకంలో ఒక నియమముండేది. తప్పు వ్రాస్తే చెరపకూడదు. పాతమాట కనబడేటట్లు గీత కొట్టి, పక్కన కొత్తది వ్రాసి, సంతకం చేయాలి. ఎస్‌క్యూలైట్ దాదాపు ఆ పనే చేస్తుంది. ఒక పుటను మార్చబోయే ముందు పాత పుట నకలును జర్నల్ అనే వేరే ఫైలులో భద్రపరుస్తుంది. మధ్యలో యంత్రం ఆగిపోతే, మళ్లీ తెరిచినప్పుడు ఆ నకలును చూచి పాతస్థితికి తెస్తుంది. 2010లో దీనికి ఇంకొక పద్ధతి చేర్చారు: అసలు పుటను ముట్టకుండా మార్పులనే వేరే ఫైలులో వరుసగా వ్రాసి, తరువాత తీరికగా అసలులో కలపడం. రెండింటిలోనూ సూత్రమొకటే. మార్పు పూర్తిగా జరిగినట్లు ఉండాలి, లేదా అసలు జరగనట్లు ఉండాలి. సగం మార్పు అనేది ఉండకూడదు.

న్యాయంగా చెప్పాలంటే మైఎస్‌క్యూఎల్ కూడా ఈ పని చేస్తుంది. 2010లో వచ్చిన 5.5వ సంచికనుండి దానిలో మామూలుగా ఉండేది ఇన్నోడీబీ అనే భాండాగారం; అది ఇటువంటి దెబ్బలకు తట్టుకునేది. అంతకుముందు ఉన్న మైఐసామ్‌కు ఆ శక్తి లేదు, పాత భయాలు అప్పటివి. మేము ఒక పాత కంప్యూటరు తెచ్చి, యూపీఎస్ లేకుండా గోడకు తగిలించి, జాబులు దించుకుంటూ ఉండగా ప్లగ్గు పెరికాము. ఇరవైసార్లు ఎస్‌క్యూలైట్‌తో, ఇరవైసార్లు మైఎస్‌క్యూఎల్‌తో. రెండూ ప్రతిసారీ నిలబడ్డాయి. అబ్బాయి నావైపు విజయగర్వంతో చూశాడు.

అప్పుడు రెండవ ప్రశ్న అడిగాను: "నాయనా, నువ్వు ఉద్యోగానికి బెంగుళూరు పోయినాక దీని బాగోగులు చూసేదెవరు?"

సర్వరు అంటే సేవకుడని అర్థం. కాని ఈ సేవకుడికి మరొక సేవకుడు కావాలి. కంప్యూటరు వెలిగినప్పుడు ఆ సేవ మొదలైనదా అని చూడాలి. దానికొక సంకేతపదం, ఒక ద్వారసంఖ్య. కొత్త సంచిక వచ్చినప్పుడు పాత సమాచారాన్ని అందులోకి మార్చుకోవడం. వందమంది ఒకేసారి వ్రాసే బ్యాంకులోనో కార్యాలయంలోనో ఇదంతా సబబే. జీతమిచ్చి మనిషిని పెడతారు. ఒక శిల్పి తన దుకాణంలో ఒక్కడే కూర్చొని జాబులు చూసుకునేచోట ఎందుకీ పటాటోపం? ఎస్‌క్యూలైట్‌కు సర్వరు లేదు. అది ప్రోగ్రాములోనే కలిసి ఉంటుంది. సమాచారమంతా ఒక్క ఫైలు.

దాని పుట్టుకే ఈ చిక్కునుండి. 2000వ సంవత్సరంలో రిచర్డ్ హిప్ అనే ఆయన అమెరికా యుద్ధనౌక మీద వాడే ఒక ప్రోగ్రాముకు పని చేస్తున్నాడు. అది ఇన్ఫార్మిక్స్ అనే డేటాబేసు సర్వరు మీద ఆధారపడి ఉండేది. సర్వరు నడవని సమయంలో ప్రోగ్రాము చేతులెత్తేసేది. నిందేమో ప్రోగ్రాము మీద పడేది. మధ్యలో సర్వరే లేకుండా డిస్కునుండి నేరుగా చదువుకుంటే పోదా అన్న ఆలోచనే ఎస్‌క్యూలైట్ అయింది. దానిని ఎవరి సొత్తూ కాకుండా అందరికీ వదిలేశారు. అసలు కోడుకు కొన్ని వందల రెట్లు పరీక్షల కోడు ఉన్నదట. 2050 వరకు పోషిస్తామని మాట ఇచ్చారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు సమాచార సముదాయాలను దీర్ఘకాలం దాచడానికి సిఫారసు చేసే రూపాలలో దీనికీ చోటిచ్చారు. మెయిల్ ప్రోగ్రాములవారి అనుభవం కూడా ఇటే మొగ్గింది. 2009లో వచ్చిన థండర్‌బర్డ్ 3 తన సమగ్రశోధన సూచికను ఎస్‌క్యూలైట్‌లో పెట్టుకున్నది. 2020లో 78వ సంచికలో చిరునామాల పుస్తకాన్ని కూడా అందులోకే మార్చింది. కేడీఈ వారి కేమెయిల్ 2011లో అకొనాడి అనే ఏర్పాటుతో వచ్చినప్పుడు ఒక్కొక్క వాడుకరికీ ఒక్కొక్క మైఎస్‌క్యూఎల్ సర్వరును నడిపించేది. ఇంటి వాడుకకు అది బరువని గొణిగినవారు చాలామంది.

ఎస్‌క్యూలైట్‌లో దోషాలు లేవని నేననను. మూడు చెబుతాను.

మొదటిది నకలు తీయడం. ఒక్క ఫైలే గదా అని ప్రోగ్రాము నడుస్తూ ఉండగా పెన్‌డ్రైవులోకి లాగితే, సగం పాతది సగం కొత్తది కలిసిన నకలు రావచ్చును. పక్కన ఉండే మార్పుల ఫైలును వదిలేస్తే మరీ ప్రమాదం. ప్రోగ్రామును మూసి నకలు తీయాలి, లేదా దానిలోనే ఉన్న బ్యాకప్ ఆజ్ఞను వాడాలి. అట్లాగే ఆ ఫైలును వేరే కంప్యూటరులో ఉంచి నెట్‌వర్కు మీదుగా ఇద్దరు ముగ్గురు తెరవడం మంచిది కాదు. అటువంటి అవసరమున్నచోట సర్వరే తగినది.

రెండవది మా విద్యకు దగ్గరి సంగతి. పద్యంలో లేఖకుడు ఒక అక్షరం తప్పు వ్రాస్తే యతి చెడుతుంది, ప్రాస చెడుతుంది, గణం కుంటుతుంది. చదివేవాడు అక్కడ ఆగి తప్పు పట్టుకుంటాడు. వచనానికి ఆ కాపలా లేదు. ఇన్నోడీబీ ప్రతి పుటకూ చెక్‌సమ్ అనే ఒక లెక్క వేసి ఉంచుతుంది. డిస్కులో ఒక అక్షరం దానంతటది చెడితే ఆ లెక్క తప్పుతుంది. మామూలుగా వాడే ఎస్‌క్యూలైట్‌లో పుటలకు ఈ కాపలా లేదు. ఇంటెగ్రిటీ చెక్ అనే పరీక్ష ఉన్నది గాని అది కట్టుబడి సరిగా ఉన్నదా అని చూస్తుందే తప్ప, మాటలోని అక్షరం మారినదా అని చూడలేదు. అందువల్ల జాబు రాగానే దాని మొత్తానికి షా-256 అనే లెక్క కట్టి సూచికలో వ్రాయమని అబ్బాయికి చెప్పాను. నెలకొకసారి అన్ని జాబులకూ లెక్క సరిచూస్తే చాలు. వచనానికి కూడా యతిప్రాసలు పెట్టినట్లయింది.

మూడవది తెలుగు వెతుకులాట. ఇది మనవాళ్లందరూ గమనించవలసినది. జాబు ప్రయాణంలో మన అక్షరాలు వేషం మార్చుకుంటాయి. ‘తెలుగు’ అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి యూనికోడు అక్షరాలు ఆరు. ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, మొత్తం 18. కోటెడ్ ప్రింటబుల్ అనే పద్ధతిలో పంపితే అది 54 ఆంగ్ల చిహ్నాలవుతుంది, బేస్64లో 24. కాబట్టి సాదా పాఠ్యమే గదా అని జాబు ఫైలులో నేరుగా ‘తెలుగు’ అని వెతికితే చాలా జాబులలో దొరకదు. విప్పి, చదివి, సూచిక కట్టక తప్పదు. ఆ సూచిక కట్టే పరికరం ఎస్‌క్యూలైట్‌లోనే ఉన్నది, ఎఫ్‌టీఎస్5 అని. దాని యూనికోడు పద్ధతిని ఏ మార్పూ లేకుండా వాడితే అది అక్షరాలను, అంకెలనే మాటలో భాగంగా ఎంచుతుంది. మన గుణింతపు గుర్తులను, పొల్లును మాటలను విడదీసే చుక్కలవలె చూస్తుంది. అప్పుడు ‘కాలు’ అన్నా ‘కీలు’ అన్నా ‘కూలి’ అన్నా దానికి ఒక క, ఒక ల మాత్రమే. కీలు కోసం వెతికితే కూలి లెక్కలన్నీ బయటికి వచ్చాయి! నలభై ఏండ్లు గుణింతాలు దిద్దించిన నాకు అది చూచి ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోండి. మందు చిన్నదే: ఆ పద్ధతికి మన గుర్తులుండే ఎంఎన్, ఎంసీ అనే రెండు వర్గాలను కూడా మాటలో భాగమని చెప్పాలి. అట్లాగే పొల్లు విడిగా నిలపడానికి వాడే కంటికి కనబడని ఆ విభాజకాన్ని సూచికలోకి ఎక్కించేటప్పుడు తీసివేయాలి. లేకుంటే కంటికి ఒక్కటిగా కనబడే మాటే యంత్రానికి రెండు మాటలవుతుంది. ఈ రెండూ ఆంగ్లంలో వ్రాసుకునేవారికి ఎన్నడూ ఎదురుకావు. మనం అడిగితే తప్ప ఎవరూ చేయరు.

"ఇంత యాతన ఎందుకు సార్, అన్నీ జీమెయిల్‌లో ఉంటాయి గదా?" అని చివరికి మావాడే అన్నాడు. మీలోనూ చాలామంది ఇదే అంటారని తెలుసు. మన రచ్చబండ వంటి గుంపులకు నీడనిచ్చిన యాహూ గ్రూప్స్ ఏమైనది? 2019 అక్టోబరులో ప్రకటన వచ్చింది. పాత జాబుల నిలువలను తీసేశారు. 2020 డిసెంబరు 15న గుంపులే మూతపడ్డాయి. ఆ చర్చల జాబులను సొంత కంప్యూటరులోకి దించుకున్నవారి దగ్గర ప్రతులు మిగిలాయి. అంతా అక్కడే ఉంటుందిలే అనుకున్న నావంటివారికి మిగిలినది జ్ఞాపకం. రెండేండ్లు వాడకుండా వదిలేసిన సొంత ఖాతాలను తొలగిస్తామని గూగుల్ 2023 మేలో ప్రకటించింది. ఆ డిసెంబరునుండి అమలుకు తెచ్చింది. పోయినవారి ఖాతాలను తెరిచేదెవరు? ఇంకొక మాట: ఐమ్యాప్ పద్ధతిలో కంప్యూటరులో కనబడే జాబులు అద్దంలో ప్రతిబింబం వంటివి. అక్కడ తొలగితే ఇక్కడా తొలగుతాయి. నిలవాలనుకున్న జాబులను స్థానిక ఫోల్డరులోకి నకలు చేసుకుంటేనే మనవి.

చివరకు మేము తేల్చుకున్నది ఇది:

1. వచ్చిన జాబు వచ్చినట్లే, జాబుకొక ఫైలుగా, మెయిల్‌డిర్‌లో. విగ్రహాల ఛాయాచిత్రాలూ అందులోనే. వాటిని డేటాబేసులోకి ఎక్కించము.

2. పంపినవారు, తేదీ, విషయం, మాటల సూచిక, జాబు లెక్క ఎస్‌క్యూలైట్‌లో.

3. ఏ జాబు ఏ విగ్రహానిదన్న గుర్తులు మనిషి పెట్టినవి. జాబులనుండి మళ్లీ పుట్టవు. నా రంగుగుర్తులు పోయినది అందుకే. వాటిని వారానికొకసారి సాదా పాఠ్యంగా కూడా బయటికి వ్రాయాలి.

4. వారానికొక నకలు ఆళ్లగడ్డలో, నెలకొకటి నంద్యాలలో మా ఇంట్లో.

5. మూడు నెలలకొకసారి సూచికను కావాలని పక్కకు తీసి, జాబులనుండి మళ్లీ కట్టి చూడాలి. కట్టగలిగితేనే నమ్మకం.

ఈ అయిదవదాన్ని అబ్బాయి మొదట ఒప్పుకోలేదు, బాగున్నదాన్ని చెడగొట్టడమెందుకని. పరీక్ష పెట్టకుండా పిల్లవాడికి పద్యం వచ్చునని ఏ ఉపాధ్యాయుడూ సంతకం చేయడన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు. ఇప్పటికి నాలుగుసార్లు కట్టి చూశారు. నాలుగుసార్లూ జాబుల సంఖ్య సరిపోయింది. నంద్యాల నకలు మా అలమరలో శబ్దరత్నాకరం పక్కన ఉన్నది. మావాడిప్పుడు కొలతల జాబు రాగానే దానిని అచ్చు తీయించి విగ్రహం పక్కన గోడకు అంటిస్తున్నాడు కూడా. అది ఏ డేటాబేసుకూ తీసిపోని పద్ధతి.

మిత్రులారా, మీరు వాడే ప్రోగ్రాము ఏదైనా కావచ్చును. ఈ ఆదివారం ఒక గంట వెచ్చించి మీ జాబులు ఏ ఫోల్డరులో ఉన్నాయో వెతకండి. ముందు వాటికొక నకలు తీసుకోండి. తరువాత ఒక ఫైలును సాదా ఎడిటరులో తెరిచి, అందులో మీ మిత్రుని పేరు, తేదీ కనబడుతున్నాయేమో చూడండి. కనబడితే చిట్టా మీ చేతిలో ఉన్నట్లే. కనబడకపోతే ఏ ప్రోగ్రాము వాడుతున్నారో వ్యాఖ్యలో వ్రాయండి. ఆళ్లగడ్డ అబ్బాయిని అడిగి చెబుతాను.

శుభం.